తాతయ్యను ఎరగని ఐదు రోజులు

మినోరి చేతిలో పొట్టి కత్తి ఉంది. గడ్డి దిమ్మ మీద తుంగచాప కుట్టి నేలకు పరిచే పాత తతామి పలక అంచుపట్టీ కింద ఆ కత్తి మొన దూర్చి కుట్లు తెంపుతోంది. సరైన వాలులో దూరిస్తే పట్టీ మొత్తం ఒక్క లాగుడుకు ఊడి వస్తుంది. ఆ వాలు ఆమె మణికట్టుకు ఏడేళ్ల వయసు నుంచీ తెలుసు. అందుకే ఆమె మణికట్టును బిగబట్టి, కావాలని కత్తిని అడ్డదిడ్డంగా తిప్పుతోంది. రెండు కుట్లు తెంపి ఆగుతోంది. మూడోది వదిలేసి నాలుగోది తెంపుతోంది. పక్కన కూర్చున్న తోవా నిజంగానే చేతకాక అదే పని చేస్తోంది. చివరికి ఇద్దరి పట్టీలూ ఎలుకలు కొరికినట్టు తయారయ్యాయి.

"అబ్బ, నీదీ నాదానిలాగే ఏడ్చింది," అంది తోవా సంతోషంగా. "నేనొక్కదాన్నే మొద్దునేమో అని భయపడ్డా."

"ఇద్దరం మొద్దులమే," అంది మినోరి.

ఎదురుగా పీట మీద కూర్చున్న ఇషిమత్సు తమేయోషి తలెత్తి చూశాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, హితా పట్టణంలో చేత్తో తతామి కుట్టేవాళ్లలో మిగిలిన ఇద్దరిలో ఒకడు. లేచి వచ్చి మినోరి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తనిగుచి అమ్మాయ్, కత్తి అలా పట్టుకుంటే బొటనవేలు తెగుద్ది. ఇదిగో, ఇక్కడ పెట్టు వేలు."

ఆమె బొటనవేలిని తన రెండు వేళ్లతో పట్టుకుని కత్తి వెనకవైపుకు జరిపాడు. ఏడేళ్ల క్రితం ఇదే గదిలో, ఇదే వేలిని, ఇలాగే జరిపాడు. అప్పుడు "మినోరీ" అన్నాడు. ఇప్పుడు ఇంటిపేరుతో పిలుస్తున్నాడు.

"థాంక్స్ మేస్త్రిగారూ," అంది మినోరి పలకలోకి చూస్తూ.

ఆయన ఆమె తల్లికి తండ్రి.

*

అది మంగళవారం. అబద్ధం మొదలై అప్పటికి పదకొండు రోజులు.

హితా మాధ్యమిక బడిలో రెండో ఏడు చదివే పిల్లలంతా అక్టోబరులో ఐదు రోజులు బడి మానేసి ఊళ్లో ఏదో ఒక పనిచోటికి వెళ్లి పని చేయాలి. తోవా, మినోరి ఇద్దరూ బేకరీ అని రాశారు. రెండో ఎంపిక మందుల షాపు. చీట్లు తీస్తే రెండూ వేరేవాళ్లకు పోయాయి. మేష్టారు మిగిలిన జాబితా చదువుతూ, "ఇషిమత్సు తతామి అంగడి, ఇద్దరు," అన్నాడు.

"తతామి అంగడా?" తోవా వెనక్కి తిరిగి గుసగుసలాడింది. "ఆ ముసలి వాసనలో ఐదు రోజులా! చచ్చాం మనం."

తోవా గురించి ఒక మాట చెప్పాలి. మినోరి అమ్మా నాన్నా విడిపోయాక, ఈ ఏప్రిల్లో ఆమె తల్లితో కలిసి కితాక్యూషూ నగరం నుంచి మళ్లీ ఈ ఊరొచ్చింది. ఏటి అవతల అద్దెకుంటున్నారు. బళ్లో రెండు నెలలు ఒక్కతే అన్నం తిన్నది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే బల్లలు జరిపిన చప్పుడు వినిపించేది, ఏ బల్లా ఆమె వైపు వచ్చేది కాదు. జూన్‌లో ఒకరోజు తోవా తన బల్లను ఈడ్చుకుంటూ వచ్చి, "నీ డబ్బాలో కోడిగుడ్డు అట్టు నాకు పెడితే నా వంకాయ నీకు," అంది. ఆ రోజు నుంచి బడికి వెళ్లేటప్పుడు మినోరికి కడుపులో నొప్పి రావడం మానేసింది. ఆ బల్ల మళ్లీ వెనక్కి వెళ్లిపోతే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

అందుకే నవ్వింది. "అవును, చచ్చాం," అంది.

ఇంటిపేరు తండ్రిది కాబట్టి ఆ అంగడి ఆమె తాతయ్యదని మేష్టారికి తెలిసే దారి లేదు. అంగడి పేరున్న కాగితం తల్లికి చూపించకుండా, సంతకానికి బదులు వేసే ఇంటి ముద్ర సొరుగులోంచి తీసి తనే వేసుకుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే సోమవారం వచ్చింది.

బళ్లో వారం రోజుల పాటు మేష్టారు వాళ్లచేత ఒక పలకరింపు వల్లె వేయించాడు. గడప ముందు నిలబడాలి, నడుము వంచాలి, అందరూ ఒకే గొంతుతో అనాలి. అంగడి తలుపు తోసేసరికి తమేయోషి లోపల నిలబడి ఉన్నాడు. బడివాళ్లు పంపిన పేర్లు ఆయన ముందే చూసుకున్నాడు. కొత్త ఏప్రన్లు రెండు మడత పెట్టి ఉంచాడు. నేల రెండుసార్లు తుడిచినట్టుంది. మొహం విప్పారింది, నోరు తెరిచాడు.

"మొదటిసారి కలుస్తున్నాం!" తోవాతో పాటు మినోరి గొంతూ లేచింది. "ఈ ఐదు రోజులూ మమ్మల్ని దయచూడండి!"

నడుము వంచి నేల చూస్తూ ఉండగా ఆమెకు అర్థమైంది తనేమందో. తల ఎత్తడానికి తోవా కన్నా ఎక్కువసేపు పట్టింది.

తెరిచిన నోరు ఆయన మూసుకున్నాడు. తరువాత నిదానంగా తనూ నడుము వంచాడు, యజమాని బడిపిల్లల ముందు వంచాల్సిన దానికన్నా కిందికి.

"మొదటిసారి కలుస్తున్నాం. నా పేరు ఇషిమత్సు," అన్నాడు.

*

ఆ సోమవారం మధ్యాహ్నమే ఇంకొకటి జరిగింది.

ఊరి అవతల కొండవాలులో మొరిసాకిగారని ఒక పెద్దావిడ ఉంది. భర్త పోయి ఏడో ఏడు. శనివారం పొద్దున ఆయన పేరిట పూజ పెట్టుకుంది. పూజ జరిగే గదిలో ఆరు తతామి పలకలకూ పైన తుంగచాప మార్చాలి. గడ్డి దిమ్మలు గట్టివే, వాటిని అలాగే ఉంచి, పాత చాప విప్పి కొత్తది కుట్టాలి.

అది నూరేళ్ల ఇల్లు. ఏ గోడా తిన్నగా లేదు. అలాంటి గదిలో ఒక పలక ఇంకో పలక చోట పట్టదు. అందుకే తమేయోషి మోకాళ్ల మీద పాకుతూ, తాడు పట్టి ఒక్కో సందూ కొలిచాడు. "మూడు. గోడవైపు సందు, వేలు మందం, గడ్డి చేర్చాలి. ఐదు. గుమ్మం వైపు బిగుతు, ఏమీ చేర్చొద్దు." పలకల అడుగున సుద్దతో అంకె వేసే పని తోవాకిచ్చాడు. సుద్ద పట్టుకోవడం పెద్ద పని, ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు. తోవాకు ఆ సంగతి తెలీదు.

అంకె పలకను చోటులోంచి లేపగానే వేయాలి. తోవా పలకలన్నీ ట్రక్కు దాకా చేరాక, అక్కడ అరుస్తూ నవ్వుతూ వేసింది. మూడో పలక మీద ఐదు, ఐదో పలక మీద మూడు.

మినోరి చూసింది. గుమ్మం దగ్గరి పలక అంచు కాళ్ల రాపిడికి అరిగి ఉంటుంది, దాని మీద మూడు ఎలా ఉంటుంది? నాలుక చివరి దాకా వచ్చింది మాట. నిన్నటిదాకా తతామి ఎరగని పిల్లకు ఇవన్నీ ఎలా తెలుసని తోవా అడగదూ? పైగా తోవా సుద్దపొడి తన ముక్కుకు పూసి, "చూడు, నేనే మేస్త్రిని," అంటోంది.

మినోరి మాట మింగేసింది. తమేయోషి డ్రైవరు సీటులోకి ఎక్కుతూ, భుజం పట్టేసి మూలిగాడు. వేసవిలో నిచ్చెన మీంచి జారినప్పటి నుంచి ఆ కుడిభుజం పైకి లేవడం లేదు.

*

బుధవారం మధ్యాహ్నం బడివాళ్లిచ్చిన పుస్తకం నింపాలి. అంగడి వెనక వరండాలో కూర్చుని అన్నం ముద్దలు తింటున్నారు. తమేయోషి బార్లీ టీ పోసి, ఊరగాయ గిన్నె ఇద్దరి మధ్యా పెట్టాడు. ముల్లంగి ముక్కల్లో కొసలు ఏరి ఒక పక్కగా పెట్టి ఉన్నాయి. మినోరికి కొసలే ఇష్టం. ఆమె వాటిని ముట్టుకోలేదు.

"తాతగారూ, మీకు మనవలున్నారా?" అంది తోవా నోట్లో ముద్ద పెట్టుకుని. చనువుగా మాట్లాడటం దానికి పుట్టుకతో వచ్చింది.

"ఒకత్తి ఉంది."

"వచ్చిపోతుంటుందా?"

"ఆదివారాలు వస్తది," అన్నాడాయన. "చదువు ఎక్కువైపోయింది పాపం." గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

తోవా పుస్తకం తెరిచింది. "పెద్దయ్యాక ఏమవుతావు? మందులమ్మే ఆవిడ. ఏసీలో కూర్చోవచ్చు. నువ్వేం రాస్తావ్?"

"అదే."

"కాపీ కొడుతున్నావే! సరే, ఇద్దరం ఒక షాపు పెడదాం. నీ బతుకుతో నీకు ఎంత తృప్తి, పదికి. నేను ఎనిమిదేశా. మా తమ్ముడికి రెండు తీసేశా."

మినోరి ఎనిమిది వేసింది. అది ఎవరి ఎనిమిదో ఆమెకే తెలీదు. కింద ఇంకో ప్రశ్న ఉంది. కష్టమొస్తే నీ పక్కన నిలబడేది ఎవరు? ఒక్క పేరే రాసేంత గీత. కలం గీత మీద ఆనింది. మూడేళ్ల వయసు నుంచి, తొమ్మిదో ఏట కితాక్యూషూ వెళ్లేదాకా, అమ్మా నాన్నా పనుల్లో ఉంటే, ఈ గదిలోనే గడ్డిపోచల మధ్య పెరిగింది. జ్వరమొస్తే దిమ్మ మీద పడుకోబెట్టి పక్కనే కుట్టేవాడు తాతయ్య. దారం లాగినప్పుడల్లా దిమ్మ కదిలేది, ఆ కదలికకే నిద్రపట్టేది.

తోవా తొంగి చూస్తోంది. మినోరి "తోవా" అని రాసింది.

"ఏయ్, నేనూ నీ పేరే రాశా!" అని తోవా ఆమె భుజం మీద చరిచింది.

ఆ పుస్తకం రోజూ సాయంత్రం పని నేర్పే మనిషి చదివి, ఒక మాట రాసి, ముద్ర వేసివ్వాలి. తమేయోషి కళ్లద్దాలు పెట్టుకుని రెండూ చదివాడు. మినోరి పుస్తకం దగ్గర పేజీ తిప్పడానికి ఆలస్యం చేయలేదు, తొందరపడలేదు. తిరిగిచ్చాక ఆమె దారిలో తెరిచి చూసింది. "చేతిలో పని ఉంది. నిదానం నేర్చుకుంటే చాలు," అని రాసి ఉంది.

ఆ సాయంత్రం భోజనాల వేళ తల్లి ఎప్పటిలాగే తమేయోషికి ఫోన్ చేసింది. మినోరి చేతిలో గరిటె ఆగిపోయింది. ఫోన్ స్పీకరులో ఉంది.

"ఏం చేస్తున్నావు నాన్నా? భుజమెలా ఉంది?"

"ఉంది దాని చోట అది. బడిపిల్లలు ఇద్దరొచ్చారు ఈ వారం."

"అవునా, మన మినోరి వాళ్ల బడేనా? ఎలా ఉన్నారు?"

"మంచి పిల్లలు," అన్నాడాయన. "ఇద్దరూ మంచి పిల్లలే."

తల్లి తిరిగి చూస్తే మినోరి గిన్నె కడుగుతోంది. కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది.

*

శుక్రవారం పొద్దున ఆరు పలకలూ ట్రక్కులో కొండవాలు ఎక్కాయి. కొత్త తుంగ వాసన బాటంతా పరుచుకుంది. మూడు రోజులు తమేయోషి నొప్పి ఓర్చుకుంటూ, ఆగి ఆగి చేత్తోనే కుట్టాడు. వంకర గదికి యంత్రం కుట్టు పనికిరాదు.

ఒకటి దిగింది. రెండు దిగింది. మూడు ఒక కొన దిగి, రెండో కొన వేలెడు మందం పైకి నిలబడింది. తమేయోషి దాన్ని తీసి పక్కన పెట్టి, నాలుగు వేశాడు, ఆరు వేశాడు. ఐదు వేస్తే పక్కన చీకటి సందు. అప్పుడు రెండు పలకలనూ తిరగేసి అడుగున చూశాడు. సుద్ద అంకెను బొటనవేలితో రుద్దాడు.

"ఏమైంది తాతగారూ?" అంది తోవా.

"అంకెలు తారుమారయ్యాయి. గడ్డి ఒకదానికి చేర్చాల్సింది ఇంకోదానికి చేర్చా. నేను చూసుకోవాల్సింది."

తోవా మొహం ఎర్రబడింది. ఆయన అప్పటికే వంటింటి గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకు తగిలేలా వంగాడు. "తప్పు నాది మొరిసాకిగారూ. సాయంత్రానికల్లా సరిచేసిస్తాను."

"పొద్దున తొమ్మిదింటికి గుడి నుంచి అయ్యవారొస్తారు ఇషిమత్సుగారూ," అంది పెద్దావిడ. కోపం లేదు గానీ గొంతు సన్నబడింది. "మా ఆయన వయసులో ఉన్నప్పుడు మీ నాన్నగారు కుట్టేవారు ఈ గదికి."

డెబ్బై నాలుగేళ్ల నెరిసిన తల నేల మీద అలాగే ఉంది. మినోరి ఆ తల వెనకభాగాన్ని చూస్తూ నిలబడింది.

పెరట్లో రెండు పీటలు వేసి పలకలు ఎక్కించాడు. పట్టీలు విప్పాలి, ఒకదాంట్లో గడ్డి తీయాలి, ఇంకోదాంట్లో చేర్చాలి, చాప మళ్లీ బిగించాలి, రెండు పట్టీలు కొత్తగా కుట్టాలి. దబ్బనం దిమ్మలోంచి దూర్చి, దారం చేతికి చుట్టి, మోచేతిని పలక అంచుకు ఆనించి బరువంతా వేసి లాగాలి. తమేయోషి మూడో కుట్టుకే ఆగిపోయాడు. మూడు రోజులు కుట్టీ కుట్టీ భుజం ఇక లాగలేకపోయింది. ఎడమచేత్తో ప్రయత్నించాడు. కుట్టు వదులుగా వచ్చింది. దాన్ని ఆయన తెంపేశాడు.

నాలుగు గంటల్లో ఎనభై కుట్లు. మినోరి లెక్కేసింది. ఆయన వల్ల కాదు.

ఆమె వెళ్లి రెండో పీట ముందు కూర్చుంది. అరచేతికి తోలుముక్క కట్టుకుంది. కత్తి మొన దూర్చి, మణికట్టును వదిలేసింది. పట్టీ ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క లాగుడుకు ఊడొచ్చింది.

తోవా చేతిలోని గడ్డికట్ట జారింది.

మినోరి గడ్డి తీసి, చాప తడిచేసి, బిగించి, దబ్బనం దూర్చింది. మోచేయి ఆనించి లాగింది. దారం కూసింది. ఒకటి. ఇంకొకటి. కుట్లు ఒకే దూరంలో పడుతున్నాయి.

"ఇదెలా వచ్చు నీకు?" అంది తోవా.

దబ్బనం ఆగలేదు. ఆగితే చెప్పలేనని మినోరికి తెలుసు. "మా తాతయ్య నేర్పాడు. ఈయనే మా తాతయ్య."

తోవా ఆమెను చూసింది, ఆయనను చూసింది. నవ్వబోయి ఆగింది. "పోవే. నిజం చెప్పు."

"నిజమే. మా అమ్మ వాళ్ల నాన్న."

తోవా వంగి జారిన గడ్డికట్ట తీసి పీట పక్కన పెట్టింది.

"మరి నేను ముసలి వాసన అన్నప్పుడు నువ్వు నవ్వావు కదా," అంది తోవా మెల్లగా. "ఒక్కసారి చెప్పుంటే నేను అలా అనేదాన్నా? నేనేదో రాక్షసిని అనుకున్నావా నువ్వు?"

మినోరి ఇంకో కుట్టు లాగింది. తోవా కోసం తాతయ్యను వదులుకున్నాననుకుంది. ఇప్పుడు చూస్తే తోవాను కూడా ఒక్క రోజైనా నమ్మలేదు.

"ఇంకొకటుంది," అంది. "అంకెలు తప్పు వేసినప్పుడు నేను చూశాను. చూసి ఊరుకున్నా. తప్పు నీది కాదు."

"రాసింది నేనేగా."

"నీకు తెలీదు. నాకు తెలుసు."

తోవా లేచి పెరటి చివరిదాకా వెళ్లింది. బావి దగ్గర నిలబడి వీపు తిప్పుకుంది. మినోరి తలెత్తలేదు. కళ్లలో నీళ్లు చాప మీద పడితే తుంగ మచ్చ పడుతుంది, అందుకని మొహం పక్కకు తిప్పి మోచేత్తో తుడుచుకుంది.

"తనిగుచి అమ్మాయ్," అన్నాడు తమేయోషి. "మోచేయి పైకి పోతోంది. దించు. దారం సడలుద్ది."

అంతా విన్నాక కూడా అలాగే పిలిచాడు. ఐదు రోజులని ఆమే కదా అన్నది, ఐదో రోజు ఇంకా అయిపోలేదు. ఆయన తిట్టుంటే ఇంతకన్నా తేలికగా ఉండేది. మినోరి మోచేయి దించింది.

కాసేపటికి తోవా వచ్చి పీట అవతల కూర్చుంది. "పట్టీ ఎక్కడ పట్టుకోవాలి?" అంది, ఎవరి మొహమూ చూడకుండా.

"ఇక్కడ. బిగించి."

"నీ మీద కోపం పోలేదు."

"ఊఁ."

"చాన్నాళ్లు ఉంటది."

"ఊఁ."

ఒకత్తి పట్టీ బిగించి పట్టుకుంది, ఒకత్తి కుట్టింది. ఇంకో పీట మీద తమేయోషి గడ్డి చేర్చి, చాప పరిచి, బలం అక్కర్లేని పనులన్నీ చేసి పెట్టాడు. మొదటి పలక అయ్యాక మినోరి పీట మారింది. మోచేతి చర్మం లేచి దారానికి ఎర్రగా అంటింది. తమేయోషి ఏమీ అనకుండా చిన్న గుడ్డముక్క తెచ్చి, అక్కడ చుట్టి, మళ్లీ తన పనిలోకి వెళ్లాడు.

నాలుగింటికి కొంచెం ముందు రెండు పలకలూ లోపలికి వెళ్లాయి. మూడోది దాని చోట దిగింది. ఐదోది గుమ్మం పక్కన పెట్టి తమేయోషి మడమతో ఒక్కసారి తొక్కాడు. గుప్పున గాలి లేచి, పలక కూర్చుంది.

మొరిసాకిగారు వచ్చి మోకాళ్ల మీద వంగి, రెండు పలకల మధ్య అరచేత్తో రాసింది. వెనక్కీ ముందుకీ రాసింది.

"అతుకు చేతికి తగలడం లేదు," అంది. "ఎప్పటిలాగే మీ కుట్టు మీ కుట్టే."

"ఈ రెండూ నేను కుట్టినవి కావు. ఈ పిల్ల కుట్టింది."

"బడి నుంచొచ్చిన పిల్లా? ఎవరమ్మాయి?"

తమేయోషి అటు తిరిగి దబ్బనాలు గుడ్డలో చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంకా చెప్పకుండా ఉండే అవకాశాన్ని ఆయన ఆమెకు వదిలేశాడని మినోరికి అర్థమైంది.

ఆమె కొత్త చాప మీద మోకాళ్లూని, చేతులు ముందు పెట్టి వంగింది.

"ఇషిమత్సుగారి కూతురి కూతుర్నండి. పేరు మినోరి," అంది. "అంకెలు తప్పని నాకు సోమవారమే తెలుసు. నేను చెప్పకపోవడం వల్లే ఆలస్యమైంది. మా తాతయ్య తప్పు కాదు. క్షమించండి."

మొరిసాకిగారు వంగిన తలను చూసింది, అటు తిరిగి ఉన్న ముసలాయన వీపును చూసింది. కాళ్లకున్న ఇంటి చెప్పులు గుమ్మం బయట విడిచి, గది మధ్యకు నడిచి, ఒక్కో పలక మీదా నిలబడి చూసుకుంది.

"సరే," అంది. "పూజ వేళకు గది నాకు అందింది."